యాడికని అడగొద్దు

“యాడికి పోతాండావు?”

అంతే అడిగాడు ఓబులేసు. నెట్ సెంటరు మెట్లు దిగుతున్న నిర్మల గిరుక్కున వెనక్కి తిరిగింది.

“నీకెందుకబ్బా? మా ఇంట్లో ఆ మాట ఎవురూ అడగరు. అడిగినా ఎవురూ చెప్పరు.”

ఆమె తొండూరు నారపరెడ్డి కూతురని అప్పటికి అతనికి తెలీదు. పార్టీల కక్షల్లో ఆ ఇంటి మగవాళ్లు పులివెందులకని చెప్పి కడపకు పోతారు. బయల్దేరాక ఫోన్లు ఆపేస్తారు. ఏ దారిన పోయేదీ కట్టుకున్నదానికి కూడా చెప్పరు.

జమ్మలమడుగులో గొర్రెలు కాసుకునే ఇంటినుంచి ఎంసీఏకి వచ్చిన ఓబులేసుకు ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయి! ఖర్మ కాలి, ప్రాజెక్టులో ఇద్దర్నీ ఒక జట్టు చేశారు. రెండు వెబ్‌సైట్లను పోల్చి చూడాలి. ఒకదాంట్లో జనం తమకు నచ్చిన పేజీలను పదిమందికీ చూపిస్తారు. రెండోదాంట్లో ఎవరైనా ప్రశ్న అడగొచ్చు, తెలిసినవాళ్లు జవాబు రాస్తారు.

ప్రొద్దుటూరులో జరీనక్క నెట్ సెంటర్లో, ఒకే కంప్యూటరు ముందు రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లు.

“నా సైటే మేలు,” అంది నిర్మల. “అడక్కుండానే కొత్తవి చూపిస్తాది.”

“నోరు తెరిచి అడిగితే కదా జవాబొచ్చేది! నా సైటులో ఏమడిగినా ఎవరో ఒకరు చెప్తారు.”

“అయితే అడుగు, పక్కన కూచున్న పిల్లకు కోపం ఎట్ల తగ్గుతాదో.”

నిజంగానే టైపు చేశాడు మహానుభావుడు. ‘కారం దోసె తినిపించు’ అని ఎవరో జవాబు రాశారు. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

“ఇది నెట్ సెంటరా, సినిమా హాలా?” అని కేకలేసింది జరీనక్క.

ఆ సాయంత్రం దోసెలు తిని బయటికొస్తే వాన పట్టుకుంది. చూరు కింద నిలబడ్డారు. ఆమె జడనుంచి కారే నీళ్లను చూడకుండా ఉండటానికి ఓబులేసు శానా కష్టపడ్డాడు.

“సోమవారం మా నాయన బ్రహ్మంగారిమఠం పోతాండాడు,” అంది నిర్మల మెల్లగా. “పొద్దున ఆరింటికి, మా డ్రైవరు మునెయ్య తెల్ల జీపులో. ఫోన్లో అంటాంటే నా చెవిన పడింది. భయంగా ఉంది. నీకొక్కనికే చెప్తాండా.”

ఆ మాట ఎంత బరువైనదో ఓబులేసుకు తెలియలేదు. మంచి దారి కనుక్కుని చెబితే ధైర్యంగా ఉంటుందనుకున్నాడు. ఆమె వెళ్లాక, తన సైటులో కడప జిల్లా పేజీ తెరిచి, తొండూరు నుంచి మఠానికి పోవాలంటే ముద్దనూరు రోడ్డు ఎట్లుందని అడిగాడు.

‘బాగుంది. ఎప్పుడు పోతారు? ఏ బండి?’ అని ఎవరో ఎదురడిగారు.

ఎంత మంచోళ్లో అనుకుని అదీ రాశాడు.

సోమవారం పొద్దున ఆ పేజీని గొప్పగా తెరిచి చూపించాడు. నిర్మల మొహంలో నెత్తురుచుక్క లేదు.

“తెల్ల జీపని రాసినావా?”

“అడిగినారు కదా…”

“అడిగింది ఎవురు?”

ఓబులేసు చూశాడు. పేరున్న చోట పేరు లేదు, ఏవో అంకెలున్నాయి.

నిర్మల సెంటరు ఫోన్ లాక్కుని నాయనకు చేసింది. ఆపేసి ఉంది. మళ్లీ చేసింది, మళ్లీ చేసింది. చివరికి పెట్టేసరికి అదే ఫోన్ మోగింది. ఇంటినుంచి. ముద్దనూరు దాటిన మలుపులో జీపు మీద బాంబులేశారు. మునెయ్య కుడిచెయ్యి పోయింది. ఎడమచేత్తోనే బండి తిప్పి నారపరెడ్డి ప్రాణం కాపాడాడు. ఇద్దర్నీ ప్రొద్దుటూరుకే తెస్తున్నారు.

ఓబులేసు పారిపోవచ్చు. రాసింది అతనేనని నిర్మలకు తప్ప ఎవరికీ తెలియదు. అయినా ఆసుపత్రికి పోయాడు. వరండా నిండా నారపరెడ్డి మనుషులు. లోపల తలకు కట్టుతో ఆయన, పక్క మంచం మీద మునెయ్య, నడుమ నిర్మల.

“అయ్యా, దారి రాసింది నేనే. తెలీక రాసినా.”

“ఆయప్పకు చెప్పింది నేను నాయనా,” అంది నిర్మల.

నారపరెడ్డి చెయ్యి దిండు కిందికి పోయింది.

“వద్దు రెడ్డీ,” అన్నాడు మునెయ్య. మాట సరిగా రావడం లేదు. “బాంబులేసినోడు ఎవుడూ ఇట్లొచ్చి చెప్పలా. నా చెయ్యి పేరు చెప్పి ఇంకో పిల్లోని పానం తీయొద్దు.”

నారపరెడ్డి కూతురి మొహంలోకి చూసి, ఖాళీ చెయ్యి బయటికి తీసి, ఓబులేసు వైపు తిరిగాడు.

“పో. ఈ మాట వరండాలో ఎవురికీ చెప్పాకు. చెప్తే నేను కూడా నిన్ను కాపాడలేను.”

నిర్మల ఆ తర్వాత కాలేజీకి రాలేదు. ప్రాజెక్టు ఓబులేసు ఒక్కడే ముగించాడు. ఏ సైటు మేలో తేల్చాల్సిన చోట, అడిగేదెవరో తెలియకుండా జవాబు చెప్పకూడదని రాశాడు. సారు ఆ వాక్యం కొట్టేశాడు. ఆదివారమైతే చాలు, మునెయ్య ఇంటికి పోయి ఆయన గొర్రెలను మేపుకొచ్చేవాడు.

ఒక ఆదివారం వానలో తడుస్తూ గొర్రెలను తోలుకొచ్చేసరికి, మునెయ్య దగ్గర నిర్మల కూర్చుని ఉంది. తెచ్చిన సంగటి ఆయనకు తినిపిస్తోంది. ఓబులేసు గొర్రెలను దొడ్లోకి తోలి, చూరు కింద నిలబడ్డాడు.

నిర్మల చెయ్యి కడుక్కుని, గొడుగు తీసుకుని, గడప దగ్గర ఆగింది.

“యాడికని అడగవా?”

“అడగను.”

“అయినా చెప్తాండా, విను. రేపు పొద్దున ఎనిమిదింటి బస్సుకు జమ్మలమడుగు వస్తాండా. మీ అమ్మను చూడాల. నాయనకు చెప్పినా.”

“ఏమన్నాడు?” ఓబులేసు కళ్లు నిండిపోయాయి.

“బస్టాండుకు ఎవురొస్తారని అడిగినాడు. మా ఇంట్లో అట్ల అడగడం ఇదే మొదలు. నీ పేరు చెప్పినా.”