బాబాయ్ చూడని ఇంజను

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా నా నోట్లో మిగిలిన మూడు పళ్ళూ ఇప్పుడే ఊడి నీ ఒళ్ళో పడాలి. చూడు, పడలేదు. కాబట్టి నోరు మూసుకుని విను మనవరాలా.

విమానాల షెడ్డులో మెకానిక్కుగా చేసినన్నాళ్ళూ నా అంత పనిమంతురాలు భూమ్మీద లేదు. నేను రెంచి పట్టుకుని వస్తుంటే ఇంజన్లు భయపడి వాటంతటవే బాగయ్యేవి. షెడ్డులో ఒక్కటే కట్టుబాటు. ఇంజను మీది రేకు మూత, అదే కౌలింగ్, తిరిగి బిగించే ముందు ఇంకొకరు టార్చి వేసి లోపలంతా చూడాలి. చూసి పుస్తకంలో సంతకం పెట్టాలి. మూసేది నేను, చూసేది బాబాయ్. సొంత బాబాయేం కాదు, మా పెద్ద మెకానిక్కు. ఎప్పుడూ బుగ్గన లవంగం ఉండేది.

ఒకరోజు ఆయన భోజనానికి వెళ్ళాడు. నాకేమో సినిమాకి టైమైపోతోంది. మూత బిగించేసి, ఆయన సంతకం కూడా నేనే గీకేశాను. దుమ్ము పడకుండా గాలి గొట్టంలో నేను కుక్కిన గుడ్డ లోపలే ఉండిపోయింది.

చెట్ల మీదుగా వెళ్తుండగా ఇంజను ఆగింది. విమానం పొలంలో పడింది. నడిపేవాడు బతికాడు గానీ కాలు పోయింది.

విచారణలో పుస్తకం బాబాయ్ ముందు పెట్టారు. ఆయన ఆ సంతకాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను నా చెప్పుల్ని చూసుకున్నాను.

"నాదే" అన్నాడు.

ఆయన ఉద్యోగం పోయింది. ఏడాది తిరక్కుండా మనిషీ పోయాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం, వాన. వానంటే ఏమనుకున్నావ్, సముద్రాన్ని ఎత్తి షెడ్డు మీద బోర్లించారు! కరెంటు లేదు. కొత్త మెకానిక్కు లోపలంతా చూసి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. నేనొక్కదాన్నే మిగిలాను. కింది సగం బిగించాను. పై సగం ఎత్తి అంచులు కలిపాను. ఆ స్క్రూలు పావు తిప్పు తిప్పితే చాలు, టక్కున పట్టుకుంటాయి. తడి రేకు వాసన, పాత ఆయిలు వాసన... మధ్యలో సన్నగా లవంగం వాసన.

టక్.

మూత లోపలినుంచి.

ఎలుక అనుకున్నాను. చెవి రేకుకి ఆనించాను. చల్లగా ఉంది. అవతల ఎవరో ఊపిరి పీల్చారు.

"అమ్మాయ్... నేను చూశానా?"

నా జుట్టు నిక్కబొడుచుకుని షెడ్డు కప్పుకి తగిలింది. అప్పుడైనా నిజం చెప్పొద్దూ? సిగ్గులేని నోరు.

"చూశావు బాబాయ్."

తర్వాత నేను బిగించిన స్క్రూ ఒకటి వెనక్కి తిరిగింది... దానంతటదే. పావు తిప్పు. టక్. దాని పక్కది. టక్. దాని పక్కది...

పరుగెత్తాను. జుట్టు సంగతి కాస్త ఎక్కువ చేశానేమో. సిగ్గు సంగతి మాత్రం తగ్గించే చెప్పాను.

నలభై ఏళ్ళైంది. డబ్బా మూత పెట్టినా, ట్రంకుపెట్టె మూసినా అడుగుతూనే ఉన్నాడు. నేను చూశావనే అంటున్నాను.

నిన్న కూర్చుని అంతా రాశాను, ఆ గుడ్డ ఎవరిదో, ఆ సంతకం ఎవరిదో. ఇదిగో కవరు. రెండు వీధుల అవతల నీలం గేటు ఇల్లు, ఆయన కూతురిది. తండ్రి అజాగ్రత్త మనిషని తలదించుకుని బతుకుతూనే ముసలిదైపోయింది. ఆమె చేతికే ఇవ్వాలి.

"నువ్వే వెళ్ళొచ్చుగా అమ్మమ్మా?"

"మొన్న వెళ్ళానే. ఆమె ఒక్కతే ఉంటుంది ఆ ఇంట్లో. కానీ తలుపు తీసింది ఆమె కాదు."

ఏం, అలా చూస్తావ్? నిన్నేం చెయ్యడు, ఒక్క మాట అడుగుతాడంతే. 'లేదు, నువ్వు చూడలేదు' అని చెప్పు. నాకు మొన్న కూడా నోరు రాలేదు. పో, చెప్పులేసుకో.