మిషన్ తప్పేమీ లేదు

"మిషన్‌కి మూడుసార్లు రిపేరు చేయించావు నాన్నా. అమ్మ కంటికి ఒక్కసారైనా చేయించావా?"

పొద్దున్నే కొట్టు షట్టరు ఇంకా సగమే లేచింది. కూతురు మాటకి కటింగ్ మాస్టరు చేతిలో కత్తెర ఆగింది. బల్ల మీద స్కూలు చొక్కాలు నలభై ఉన్నాయి. ఒక్కదానికీ గుండీల పట్టీ తిన్నగా లేదు.

"నెల నుంచి ఇదే వరస," అన్నాడు భార్య వంక చూడకుండా. "బెల్టు మార్చాను, సూది మార్చాను, మెకానిక్‌ని పిలిపించాను. మీ అమ్మకి కొత్త కళ్లజోడు కూడా కొన్నానుగా. అద్దాల షాపతను చూసే రాశాడు, పవర్ పద్దెనిమిదని."

"షాపతను అద్దం చూశాడు. కంటి లోపల చూశాడా?"

తల్లి ఇదంతా తన గొడవ కానట్టు మిషన్ ముందు కూర్చుని ఒక చొక్కా కుట్టు విప్పుతోంది. చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి అనిపించుకున్న మనిషి. ఆ పేరుకి ఆవిడా అలవాటు పడింది, ఇంటిల్లిపాదీ అలవాటు పడ్డారు. చూపు తగ్గితే సైటు పెరిగిందనడం, అద్దం మందం చెయ్యడం. ముప్పై ఏళ్లుగా జరిగిన వైద్యం అదొక్కటే.

"అది విప్పుతావేంటమ్మా? తిన్నగానే ఉందిగా."

"ఇదా తిన్నగా? నీ కళ్లేమయ్యాయే? మధ్యలో పాములా మెలిక తిరిగి ఉంటేనూ."

కూతురు ఒక బట్టముక్క తల్లి ముందు పరిచింది. స్కేలు పెట్టి బట్ట మీద సుద్దతో గీత గీసింది.

"కుడి కన్ను మూసి చూడు."

"మధ్యలో వంగింది."

"ఇప్పుడు ఎడమది మూసి చూడు."

తల్లి చాలాసేపు చూసింది. "తిన్నగా ఉంది," అంది చిన్నగా.

సూది దగ్గరికి వంగి ఎడమ కంటితోనే చూడటం ఆవిడ అలవాటు. అంటే నెల రోజులుగా తిన్నని కుట్లు విప్పదీసి, ఆ కంటికి తిన్నగా కనపడేదాకా వంకరగా కుట్టింది.

"ఎన్నాళ్లయిందే ఇలా?" అన్నాడు మాస్టరు.

"కొద్దికొద్దిగా మొదలై రెండు నెలలు. చెబితే కొట్టు మూసేస్తావని చెప్పలేదు. స్కూళ్లు తెరిచే రోజులాయె."

"నలభై చొక్కాలు తగలేసి కొట్టు నిలబెట్టావన్నమాట." విసుగ్గానే అన్నాడు. అంటూనే వంగి, ఆవిడ మళ్లీ కుట్టకుండా మిషన్ లోంచి కింది దారం ఉండే బాబిన్ కేసు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. "లే. పద."

ముగ్గురూ వెళ్లిన కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆవిడకి చుక్కలు వేసి, రెండు కళ్ల లోపలా చూసింది.

"ఇంత సైటున్నవాళ్లకి కనుగుడ్డు పొడుగ్గా సాగుతూ పోతుంది. వెనకాల చూపు పొర కూడా సాగి పలచబడుతుంది. ఎడమ కంట్లో అది చిట్లి, కొత్త రక్తనాళాలు పుట్టి కారుతున్నాయి. అందుకే గీత వంగింది. ఇవాళే ఇంజెక్షన్ మొదలుపెడితే ఇక్కడితో ఆగొచ్చు. పోయిన చూపంతా తిరిగొస్తుందని మాత్రం చెప్పలేను. కుడి కన్నూ పలచబడింది. మెరుపులు కనపడినా, తెర దిగినట్టున్నా ఆ రోజే రావాలి."

"చంక దగ్గర బట్ట లాగి లాగి పోగులు జరిగినట్టు," అన్నాడు మాస్టరు. "బట్టయితే వేలు పెట్టగానే పట్టేసేవాణ్ణి. ముప్పై ఏళ్లు అద్దాలే చూశాను." కళ్లు తుడుచుకున్నాడు.

భార్య అతని మణికట్టు పట్టుకుంది. "నేను మాత్రం చెప్పానా ఏంటి?"

అంతలో ఆవిడ చూపు కూతురి కళ్లజోడు మీద ఆగింది.

"నీకెంతే ఇప్పుడు?"

"తొమ్మిది. పోయినేడాది షాపులోనే పెంచారు. నాకేం వంకరగా కనపడట్లేదు లేమ్మా. ఆఫీసుకి టైమవుతోంది, ఇంకోసారి చూపించుకుంటా."

"పొద్దున మీ నాన్నని కడిగేశావే, ఆ నోరేమైంది? వంకరయ్యాక వచ్చి ఏం ఉద్ధరిస్తావ్? కూర్చో." ఆవిడ డాక్టరమ్మ వైపు తిరిగింది. "నా కంట్లో ఇంజెక్షన్ ఇవ్వండి. ఈలోగా దీని కళ్లలో చుక్కలు వేయించండి. లోపల చూడకుండా దీన్ని గుమ్మం దాటనివ్వకండి."