చీకటి గదిలో పచ్చ కళ్లు

మసాకా ఊరికి పోయే దారిలో ఒక పశువైద్య ప్రయోగశాల ఉంది. దాని చివరి గదిలోకి ఒంటరిగా ఎవరూ వెళ్లరని చెబుతారు. కిటికీకి నల్లగుడ్డ, లోపలొక సూక్ష్మదర్శిని... పట్టపగలే అర్ధరాత్రి. అందులోకి తొంగిచూస్తే పచ్చని కళ్లు కనిపిస్తాయట — ఒకటీ రెండూ కాదు, గుంపులుగా.

సాలోంగో నమ్మేవాడు కాదు. కవలల తండ్రిని అక్కడ అందరూ అలాగే పిలుస్తారు. ప్రయోగశాల ఎలుకలకు మేత వేయడం అతని ఉద్యోగం. ఊళ్లలో మనుషుల్ని కరిచి చచ్చిన కుక్కల మెదడు ముద్దను ఆ ఎలుకలకు ఎక్కిస్తారు. కుక్కకు పిచ్చి జబ్బు ఉందో లేదో ఎలుక మెదడే చెప్పాలి.

సోమవారం, వెనక కాళ్లు ఈడుస్తున్న ఎలుక ఒకటి సాలోంగో వేలు కొరికింది.

"రిపోర్టులో జబ్బుందని రాస్తేనే సూది మందు," అన్నాడు డైరెక్టర్ ముగెర్వా. "రూలయ్యా, రూలు. రెండేళ్లుగా మన దగ్గర ఒక్క కేసూ లేదు. గోడమీద మెచ్చుకోలు పత్రం చూళ్లేదూ?"

సాలోంగో వెళ్లి టెక్నీషియన్ నబ్బోసాను బతిమాలాడు. ఆమె ఎలుక మెదడును గాజుపలక మీద రుద్ది, మందు వేసి, ఆ గదిలోకి వెళ్లింది.

ఒక నిమిషం... రెండు...

చెప్పులు అక్కడే వదిలేసి బయటికి పరిగెత్తుకొచ్చింది.

"అవే కళ్లు, అన్నా! అవే!"

"మరి నా రిపోర్టు?"

"దెయ్యం ఉందని రాయమంటావా? ఇలాంటప్పుడు 'ఏమీ లేదు' అని రాసేస్తాం. ఎప్పుడూ అంతే."

సాలోంగోకి పిల్లలిద్దరూ కళ్లముందు మెదిలారు. తలుపు తోశాడు.

చీకటి... గొట్టానికి కన్ను ఆనించాడు —

పచ్చని చుక్కలు. వందలు. కదలవు... రెప్ప వేయవు.

గాజుపలక తీశాడు. మాయం! మళ్లీ పెట్టాడు. వచ్చేశాయి!

ఎలుకతో వచ్చి ఎలుకతో పోయే దెయ్యం ఎక్కడైనా ఉందా?

తిన్నగా డైరెక్టర్ దగ్గరికి నడిచాడు. నబ్బోసా కూడా వెనకే వెళ్లింది. "సార్, ఆ చీకటి గది యంత్రం శిక్షణకి విదేశం వెళ్లొచ్చింది మీరే కదా. జబ్బుంటే అందులో ఎలా కనబడుతుంది?"

ముగెర్వా టై సర్దుకున్నాడు. బీరువాలోంచి శిక్షణ పుస్తకం తీశాడు. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పనేలేదు. విప్పి, వెతికి, చదివి... గొంతు తగ్గించాడు.

"చీకట్లో... పచ్చగా మెరుస్తుంది."

ముగెర్వా తనే లేచి మందుల పెట్టె తాళం తీశాడు. సాలోంగో చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"నబ్బోసా," అన్నాడు ముగెర్వా, గుసగుసగా. "ఈ రెండేళ్లలో ఆ దెయ్యం ఎన్నిసార్లు కనబడింది?"

"ఇవాళ్టిది కాక పద్నాలుగుసార్లు, సార్."

"అంటే... ఆ కుక్కలు కరిచినవాళ్లకి మనం..."

"'ఏమీ లేదు, నిశ్చింతగా ఉండండి' అని ఉత్తరాలు పంపాం, సార్. సంతకాలు మీవే."