మొదటి దోసె ప్రత్యక్ష ప్రసారం

కొంగ బొమ్మకు కనుబొమ్మను ఇంకాస్త దించమని, ఊరి నవ్వును ముందే తూచే యంత్రం తూకరి అడిగింది. సత్యవేణి దించింది. తెర మీద ఆకుపచ్చ గీత పైకి లేచింది. ఇక్కడ ఊరంతా ఒకేసారి నవ్వుతుందని దానర్థం. ఆమె ఆ గీతను పెద్దగా పట్టించుకోకుండా కొంగ మెడలోని టై ముడి సరిచేసింది. అది తూకరి అడిగిన పని కాదు. టై వంకరగా ఉంటే ఆమెకే మనసు నిలవదు.

కాకినాడ ఊరంతటి మీదా కప్పు వేశాక ఎండలో ఆడేవాళ్ళు లేకుండా పోయారు. మైదానంలో ఇప్పుడు ఛాయాజట్లు ఆడతాయి, ఒక లెక్క విసిరిన బంతిని ఇంకో లెక్క కొడుతుంది. ముందుస్కోరు పొద్దున్నే పాలతో పాటు ఇంటికొస్తుంది. ఎవరు గెలుస్తారో, ఎవరి క్యాచ్ ఎవరు వదిలేస్తారో కాఫీ తాగేలోపే అందరికీ తెలిసిపోతుంది. అయినా జనం టీవీ పెడుతున్నారంటే అది విరామంలో వచ్చే బొమ్మల కోసమే. టై కట్టిన కొంగ ఒకటి, మాజీ కెప్టెన్‌నని చెప్పుకునే దున్న ఒకటి కామెంటరీ పెట్టెలో కూర్చుని ఇంట్లో జరిగే పనులకు వ్యాఖ్యానం చెబుతాయి. దిండుకు గలీబు తొడిగితే స్లో మోషన్, ఉల్లిపాయ కోస్తే థర్డ్ అంపైర్. అన్నిట్లోకీ ఊరు ఎక్కువగా ఇష్టపడేది మొదటి దోసె. పెనం మీద పిచ్ రిపోర్టుతో అది మొదలవుతుంది.

ఈ విరామం గడియారాన్ని బట్టి ముగియదు. ఊరి నవ్వు పెరిగి, తగ్గాక తూకరి మళ్ళీ ఆట నడిపిస్తుంది. ఎంత నవ్వు వస్తుందో ముందే తూచి ఉంచుతుంది కాబట్టి ఇంతవరకూ ఎప్పుడూ లెక్క తప్పలేదు.

ఈ రోజు సత్యవేణి బల్ల మీద ఇంకో పని కూడా ఉంది. కొంగకు గొంతునిచ్చే కృపానందం గారి గొంతచ్చు, అచ్చం ఆయనలాగే పలికే యంత్రపు గొంతు, తయారైంది. ఛాతీ జబ్బు తర్వాత ఆయనకు ఊపిరి చాలడం లేదు. మాట మధ్యలో ఆగిపోతున్నారు. ఆ ఖాళీల్లో నవ్వు పడిపోతోందని తూకరి తేల్చింది. కూర్పరిగా సత్యవేణి సమ్మతి మీట నొక్కితే ఈ పూట నుంచి అచ్చే మాట్లాడుతుంది. కృపానందం గారు ఇక పెట్టెలో కూర్చోనక్కరలేదు. పొద్దుటి నుంచీ ఆమె ఆ మీటను తప్ప మిగిలినవన్నీ నొక్కుతూ వచ్చింది.

కప్పు కడుతున్న ఏడాది వేసవిలో ఊరు ఊరంతా ఎండకు తాళలేక సొరంగాల్లో తలదాచుకుంది. సత్యవేణి అప్పుడు చిన్నపిల్ల. వాళ్ళమ్మ పైన వెల్డింగ్ పనికి వెళ్ళేది. అమ్మ దిగి వచ్చేదాకా తిననని పిల్ల మొండికేసేది. పక్క చాప మీద ఒక కొత్త మనిషి ఉండేవాడు. ఆయన బతిమాలలేదు, బెదిరించలేదు. చెంబును మైకులా పట్టుకుని, సత్యవేణి చెయ్యి పళ్ళెం వైపు కదిలిందని పక్కవాళ్ళకు వార్త చెప్పాడు. ముద్ద లేచిందన్నాడు. నోటి గట్టు దాకా వచ్చి ఆగిందన్నాడు. ఆ తర్వాత ఏం జరుగుతుందో తనకూ తెలియదన్నట్టు నోరు మూసుకుని నిజంగానే ఎదురుచూశాడు. ఆయన ఏమంటాడో వినాలని ఆమె తినేసింది. అమ్మకు ఏమీ కాలేదు, క్షేమంగానే దిగి వచ్చింది. కానీ ఆ వేసవంతా పిల్ల కడుపు నింపింది ఆ గొంతే. ఆ సంగతి సత్యవేణి ఒక్క రోజు కూడా మరచిపోలేదు, ఒక్కసారి కూడా కృపానందం గారికి చెప్పలేదు.

కృపానందం గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. పెట్టెకు ఓ దండం పెట్టి పోదామనుకున్నారట. అచ్చును వినిపించమని అడిగారు. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

“బాగానే అంటున్నాడమ్మాయ్, నాకన్నా తడుముకోకుండా,” అన్నారు. కాసేపు ఊపిరి కూడదీసుకుని, “కాకపోతే వాడు దోసె చూడ్డం లేదు,” అన్నారు.

నిజమే. ఆయన కళ్ళ ముందు పెనం ఉంటేనే నోరు విప్పేవారు. అందుకని క్యాంటీన్ వరహాలమ్మ పెట్టెలోనే పొయ్యి పెట్టి దోసె పోసేది, చుట్టూ ఉన్న కెమెరా కళ్ళు దాన్ని బొమ్మగా మార్చేవి. ఎన్నో పోయించి, బాగా వచ్చినదాన్ని తూకరి ఏరుకునేది. ఈ పూటకు చక్కగా ఊడివచ్చిన పాత దోసె ఒకటి అచ్చుతో జతపడి సిద్ధంగా ఉంది.

మూలన వరహాలమ్మ ఒక పెనం పట్టుకుని నిలబడి ఉంది. అది వెండిలా మెరుస్తోంది. సత్యవేణి దగ్గరికెళ్ళి దాని మీద వేలు రాసి చూసింది. తోమావా అని అడిగింది.

“ఇక దోసెలు పొయ్యక్కర్లేదని దీన్ని గుర్తుగా గాజుపెట్టెలో ఎడతారంట కదండీ. నల్లగా కనిపిస్తే బావుంటదా అని చింతపండెట్టి తోమేశానండి,” అంది వరహాలమ్మ. అన్నాక తనే నాలుక్కరుచుకుంది. ఏళ్ళ తరబడి నూనె తాగిన పెనాన్ని తోమేశాక దాని మీద దోసె ఎలా వస్తుందో ఆమెకు ఒకరు చెప్పాలా?

సత్యవేణి ఆ మెరుపు వంక చూసింది. ఈ దోసె ఏమవుతుందో తూకరికి తెలియదు. ఎవరికీ తెలియదు. విరామం గంట మోగింది.

“కూర్చోండి బాబాయ్ గారూ. వరహాలమ్మా, పొయ్యి వెలిగించు,” అంది. సమ్మతి మీటను వదిలేసి పెట్టెను నేరుగా ప్రసారానికి కలిపింది. తూకరి తెర మీద ఆకుపచ్చ గీత మాయమైంది. అంచనా లేని అంశమని తూకరి మూడు భాషల్లో హెచ్చరించింది.

“ప్రేక్షకులకు నమస్కారం,” అంది కొంగ. “పిచ్ కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. ఇలాంటి పిచ్ మీద మొదటి దోసెకు గడ్డుకాలమే.”

“మా రోజుల్లో ఉల్లిపాయ రుద్ది దిగేవాళ్ళం,” అంది దున్న. దున్న మాటలు తూకరివే.

వరహాలమ్మ ఉల్లిపాయ రుద్ది, పిండి పోసి గరిటె తిప్పింది. అంచు ఎర్రబడింది. అట్లకాడ అంచు కిందికి వెళ్ళింది. ఓ పక్క లేచిందని కొంగ చెప్పింది, రెండో పక్క అంటుకుందని చెప్పింది. అట్లకాడ నడిమికి చేరింది. అక్కడ కృపానందం గారి ఊపిరి అయిపోయింది.

దున్న కూడా ఊరుకుంది. ఏం జరుగుతుందో తెలియక తూకరి దానికి మాట అందివ్వలేదు. కప్పు కింద ఊరు మొత్తం అట్లకాడ వంక చూస్తోంది. ఎవరూ నవ్వలేదు. నవ్వు రాలేదు కాబట్టి విరామం ముగియలేదు. మైదానంలో రెండు ఛాయాజట్లూ గెలుపోటములు చేతపట్టుకుని నిలబడిపోయాయి.

కృపానందం గారు గుండె మీద చెయ్యి వేసుకుని, క్షమించమన్నట్టు అద్దంలోంచి సత్యవేణి వైపు చూశారు. ఆమె రెండో మైకు తీసుకుంది.

“కొంగగారు ఊపిరి అందుకుంటున్నారు,” అంది నెమ్మదిగా. “సగం వచ్చింది. గొంతు గట్టు దాకా వచ్చి ఆగింది. తొందరేమీ లేదు. ఒక వేసవంతా ఆయన మా కోసం ఇలాగే ఆగారు. ఇప్పుడు మేం ఆగుతాం.”

ఆయన ఆమెను తేరిపార చూశారు. ఆ పళ్ళెం, ఆ చాప ఆయనకు గుర్తొచ్చాయని ముఖం చూస్తేనే తెలిసిపోయింది. వరహాలమ్మ అట్లకాడ ఎత్తింది.

“చిరిగిందండీ,” అంది కొంగ. “నిలువునా చిరిగింది. అయినా రుచికేం ఢోకా లేదు.”

నవ్వు అప్పుడు వచ్చింది. వీధుల్లోంచి, కప్పుకు తగిలి, మళ్ళీ వీధుల్లోకి వచ్చింది. తగ్గుతుందేమోనని తూకరి కాచుకుంది. దోసెలో తలా ఓ ముక్క తుంచి పెడుతూ, మీకు దణ్ణమండీ బాబూ, పెనం తోమినదాన్ని నేనేనని వరహాలమ్మ మైకులోకి చెప్పేసరికి నవ్వు మళ్ళీ లేచింది. ఛాయాజట్లు అలాగే నిలబడి ఉన్నాయి.

సత్యవేణి పెట్టెలోకి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళుగా చెప్పనిది చెప్పింది. “మీ వల్లే తిన్నానండీ ఆ వేసవిలో.” ఆయన కళ్ళు తుడుచుకున్నారు, హెడ్‌సెట్ మాత్రం తీయలేదు.

తెర మీద తూకరి ప్రశ్న వెలిగింది. రేపటి దోసె ఫలితం తెలపండి. కింద ఖాళీ గడి మినుకుమంటోంది. సత్యవేణి దాన్ని అలాగే ఉంచేసి, దోసె ముక్క చేతిలోకి తీసుకుంది.

“ముక్క లేచింది,” అన్నారు కృపానందం గారు మైకులోకి. “నోటి దాకా వచ్చింది.”

ఆపైన ఏమంటారో వినాలని ఆమె ఆగింది. ఊరు కూడా ఆగింది.