ఎస్తెల్ గొంతు

పారిస్‌లో పిగాల్ సందులోని చిన్న నాటకశాల. ఆదివారం మధ్యాహ్నపు ఆట. దుమ్ము, వేడెక్కిన దీపాలు, మక్కిన తెరలు, అన్నీ కలిసిన వాసనను ఎస్తెల్ గుండెలనిండా పీల్చుకుంది. మూగ సినిమాల్లో మహారాణిలా వెలిగిన మనిషి. సినిమాకు మాటలొచ్చాక ఆమె గొంతు కీచుగా ఉందన్నారు. అంతే, మళ్ళీ స్టూడియో గుమ్మం తొక్కనివ్వలేదు. పాత స్నేహితుడు గాస్తోన్ బతిమాలి ఇప్పించిన వేషం ఇది. ఇదీ పోతే ఇక పట్టించుకునే నాథుడు లేడు.

తెర లేవబోతుండగా వెనకాల అట్టగోడ ఊగింది. ఎస్తెల్ పైకి చూసి అరిచింది.

“ఎవరయ్యా అక్కడ? ఆ తాడు కాస్త బిగించు!”

పైనున్న పనివాళ్ళు బిగుసుకుపోయారు. అక్కడి నాటకాలవాళ్ళు నాలుకైనా కోసుకుంటారు గానీ, రంగస్థలం మీద ‘తాడు’ అన్న మాట అనరు. అంటే చావు తప్పదని నమ్మకం. భర్త వేషంలో ఉన్న గాస్తోన్ ముఖం పాలిపోయింది.

“కొంప ముంచావే తల్లీ! దారం అనాలి, దారం! పైవాళ్ళందరికీ తలో గ్లాసు వైన్ పోయిస్తానని చెప్పు. దోషం పోతుంది.”

“స్టూడియోలో రోజూ అనేవాళ్ళం, ఎవడు చచ్చాడు? తాడు! తాడు! తాడు! చాలా?”

పైన చీకట్లో ఏదో కిర్రుమంది. ఎస్తెల్ నవ్వేసింది. నోటి దురుసు ఆమెకు పుట్టుకతోనే వచ్చింది.

చివరి అంకంలో భర్త ఆమె గొంతు నులిమి చంపాలి. గాస్తోన్ చేతులు మెడ మీద పడ్డాయి. చెమటతో వెచ్చగా ఉన్నాయి.

“నొప్పిగా ఉందా?” జనానికి వినబడకుండా అడిగాడు.

“ఇంకా గట్టిగా పట్టు. జనం ఆవలిస్తున్నారు.”

పట్టు బిగిసింది... ఇంకా బిగిసింది... గరుకుగా ఏదో చర్మంలోకి దిగింది. ఊపిరాడలేదు. అతని మణికట్లు పట్టుకుని లాగేయబోయింది.

అక్కడ చేతుల్లేవు.

గాస్తోన్ దూరంగా, అరచేతులు పైకెత్తి నిలబడి ఉన్నాడు. “నేను వదిలేశాను... ఎస్తెల్... ఎప్పుడో వదిలేశాను...”

ఆమె మడమలు నేల మీంచి లేచాయి. గాస్తోన్ ఆమెను పట్టుకోవడానికి ఉరికాడు. ఎస్తెల్‌కి కళ్ళు కనబడడం లేదు. బల్ల మీది గాజు కూజా చేతికి తగిలింది. అంచుకేసి పగలగొట్టి, మీదికొచ్చినవాణ్ణి పొడిచింది. మళ్ళీ పొడిచింది. మళ్ళీ... వెచ్చటి నెత్తురు ముఖాన చిమ్మింది. అప్పుడు వదిలింది మెడ చుట్టూ ఉన్న పట్టు.

గాస్తోన్ ఆమె కాళ్ళ దగ్గర పడి ఉన్నాడు. తెగిన గొంతులోంచి నెత్తుటి బుడగలు వస్తున్నాయి. కాసేపటికి అవీ ఆగిపోయాయి.

చప్పట్లు! జనం కుర్చీలెక్కి అరుస్తున్నారు. మహారాణిగా ఉన్న రోజుల్లోనూ ఆమె అంత గోల వినలేదు. తెర పడింది.

ఎస్తెల్‌కి దుఃఖం ముంచుకొచ్చింది. డాక్టర్ని పిలవమని అరవబోయింది. నోరు తెరుచుకుంది... శబ్దం రాలేదు.

తెర అవతల చప్పట్లు సద్దుమణిగాయి. ఎవరో ఆడమనిషి జనంతో మాట్లాడుతోంది.

“ఇన్నేళ్ళు మిమ్మల్ని విడిచి ఎలా ఉన్నానో! ఇక ఎక్కడికీ వెళ్ళను.”

ఆ గొంతు ఎస్తెల్‌దే. కీచుదనం మాత్రం లేదు.