కదిలిన కొండ

పడవ ఒడ్డును తాకకముందే నూకతల్లి నీళ్లలోకి దూకేసింది. ఎదురుగా పొగదిబ్బ దీవి. అగ్నిపర్వతం కక్కిన నల్లరాళ్ల తీరం, దాని వెనుక మోకాలెత్తు గడ్డి బయళ్లు, ఆపైన రెండు కొండలు: ముందు పొట్టి కుంటికొండ, వెనుక పొడుగాటి ఎర్రకొండ. కాలిబాట లేదు, మనిషి జాడ లేదు. అండమాన్‌లో స్థిరపడ్డ శ్రీకాకుళం జాలర్లు ఈ దీవి వైపు కన్నెత్తి చూడరు. ఆమెకు మాత్రం చూడడానికి రెండు కళ్లు చాలడం లేదు.

ఆమె తండ్రి పోలయ్య వయసులో ఉండగా, అమ్మవారి నగలపెట్టె తెస్తున్న పడవ ఇక్కడే పగిలింది. బతికి బయటపడింది ఆయనొక్కడే. కుంటికొండ నెత్తి, ఎర్రకొండ నెత్తి ఒక వరసలోకి వచ్చేచోట ఒడ్డున గుహ ఉందనీ, పెట్టె అందులో దాచాననీ చెప్పాడు. చేపల వేటగాళ్లు సముద్రంలో చోటు గుర్తు పెట్టుకునేది అలాగే. పోలయ్య కాలు నుజ్జయి మంచాన ఉంటే, మరుసటేడు కులపెద్ద కొర్లయ్య వచ్చి వెతికాడు. ఆ వరసలో గుహ కాదు కదా, ఎలుక బొరియ కూడా లేదు. దాంతో పోలయ్య దొంగ అయిపోయాడు. మళ్లీ ఆయన్ను ఎవరూ పడవ ఎక్కించుకోలేదు. మొన్న ఆయన పోతే పాడె పట్టడానికి వాడలో నలుగురు కదల్లేదు. ఆ దొంగ పేరు చెరిపెయ్యాలని నూకతల్లి పట్టు. అందుకే భర్త ఎల్లాజితోపాటు కొర్లయ్యనూ బతిమాలి తెచ్చుకుంది.

పొద్దెక్కేదాకా రాళ్లెక్కి దిగారు. వరస కుదిరినచోట నిట్టనిలువు బండ తప్ప ఏమీ లేదు. అప్పుడే చెప్పాను కదా అన్నట్టు కొర్లయ్య నిట్టూర్చాడు. నూకతల్లి మాత్రం ఎర్రకొండనే చూస్తోంది. దాని పక్కనున్న చిన్న మూపురం నిండా గడ్డి ఉంది. కొండ నెత్తిన మాత్రం ఒక్క పరకైనా లేదేం?

ఆ సంగతి తేల్చుకోందే ఆమెకు కాలు నిలవలేదు. ఇద్దరినీ లాక్కుంటూ బయలుకు అడ్డంపడి నడిచింది. కొండ మొదట్లో బూడిద జారిపోతోంది, అరికాళ్లు వెచ్చబడుతున్నాయి, గంధకం వాసన గొంతు పట్టుకుంటోంది. ఆమె ఒక రాయి తీసింది. మరమరాల ఉండంత తేలిక. పడవ పగిలాక, మీరు వెతకడానికి వచ్చేలోపు ఈ దీవి రగిలిందా అని కొర్లయ్యను అడిగింది. ఆయన వేళ్ల మీద ఏళ్లు లెక్కేశాడు. ఆ వానాకాలం తమ వాడలో ఎండుచేపల మీద బూడిద రాలిందని ఒప్పుకున్నాడు.

"అయితే ఈ నెత్తి కొత్తది పెద్దయ్యా. గడ్డి మొలిసిన ఆ మూపురమే మా అయ్య సూసిన కొండ."

నమ్ముకున్న కొండ పక్కకు జరుగుతుందని ఏ వేటగాడు అనుకుంటాడు? మూపురాన్ని కుంటికొండతో వరస కలుపుకుంటూ దిగితే, తీరం మలుపు తిరిగాక గుహ నోరు కనిపించింది. నూకతల్లి అందరికంటే ముందు లోపలికి దూరింది.

ఆటు పోయి పోటు మొదలై నీళ్లు లోపలికి పాకుతున్నాయి. చివర్న, విరిగిపడ్డ బండ కింద పెట్టె ఇరుక్కుని ఉంది. చీలిన పలకలోంచి అమ్మవారి వడ్డాణం మెరిసింది. ముగ్గురూ భుజాలు పెట్టి నెట్టారు. బండ కదల్లేదు, పైనుంచి రాళ్లు రాలాయి. కెరటం నడుము దాకా వచ్చింది. కొర్లయ్య పెట్టెను వాటేసుకున్నాడు.

"ఒగ్గీ పెద్దయ్యా" అంది నూకతల్లి, ఆయన చెయ్యి పట్టి లాగుతూ.

"తల్లి సొమ్ము ఒగ్గీమంటావేటే?"

"నువ్వు సూసినావు. నాకది సాలు."

ఎల్లాజి ఆయన్ను భుజాన వేసుకుని ఈదాడు. వాళ్లు బయటపడ్డ కాసేపటికే పైకప్పు కూలి గుహ మూసుకుపోయింది.

పడవ కదిలింది. వేటగాళ్లు కొత్త చోటుకు దాన్ని కనుక్కున్నవాళ్ల పేరే పెడతారు. ఎల్లాజి మురిసిపోతూ, ఇక దీన్ని నూకతల్లి గుహ అనాలన్నాడు.

కొర్లయ్య తల అడ్డంగా ఊపాడు.

"కాదు. పోలయ్య గుహ. వాడలో నేనే సెప్తాను."

నూకతల్లి మొహం చేతుల్లో దాచుకుని, తండ్రి పోయిన రోజున రాని ఏడుపంతా ఏడ్చింది.