నలభై మంది చూసిన దెయ్యం

"నేనే! నలభై మందీ నేనే! నేనే రాశానండీ...!"

గురువారం రాత్రి పదిన్నరకి ఆ కేక పాత వడ్లమిల్లు సందు ఈ మొన నుంచి ఆ మొన దాకా వినబడింది. మంచాల మీద వాళ్ళు మంచాల మీదే లేచి కూర్చున్నారు. తలుపు తీసినోడు మాత్రం ఒక్కడూ లేడు. ఎలా తీస్తారండీ? కేక వచ్చింది బాలామణి గారింటి మెట్ల దగ్గర్నుంచి!

తిరువూరులో ఆ ఇంటి సంగతి తెలియనిదెవరికి? వేసవి మొదలు, పొద్దుగూకితే చాలు, ఆ సందులోకి ఆటో వచ్చేది కాదు. గ్యాసుబండ తెచ్చేవాడు సందు మొగలోనే దించేసి, "అమ్మా, వచ్చి తీసుకెళ్ళండి" అని ఒక్క కేక పెట్టి పారిపోయేవాడు. పిండి రుబ్బే రూత్ అయితే "నాకు జీతమూ వద్దు, ఏమీ వద్దు తల్లో" అని కొంగు దులుపుకుని పోయింది.

అంతకుముందు ఇలా కాదు. బాలామణి భర్త సీతారామాంజనేయులు పోయాక ఆవిడ ముందు హాల్లో బల్లలేయించి భోజనాల మెస్ పెట్టింది. ముద్దపప్పు, పచ్చిపులుసు, గోంగూర. నెల తిరక్కుండా బస్టాండు జనం, స్కూలు పంతుళ్ళు, మధ్యాహ్నమయ్యేసరికి గుమ్మంలో చెప్పుల గుట్ట. నెయ్యి దగ్గర ఆవిడది పెద్ద చెయ్యి లెండి.

అప్పుడు పడింది ఊరి గ్రూపులో మెసేజ్.

"రాత్రి ఆ సందులోంచి వస్తుంటే మెస్ మెట్ల మీద పంచె కట్టిన మనిషి. ఆకలి... అన్నాడు. చూద్దును కదా — పోయిన ఆంజనేయులు గారు!" రాసింది పెనుగొలను మరియదాసు.

మర్నాడు వినగడప జోజప్ప రాశాడు. "నేనూ చూశాను. వంటింట్లో పప్పుగిన్నెలో చెయ్యి పెట్టి తింటున్నాడు."

అంతే! మెట్ల మీద దెయ్యాన్నంటే జనం ఓర్చుకుంటారు. పప్పుగిన్నెలో చెయ్యి పెట్టిన దెయ్యాన్ని ఎవరు ఓరుస్తారండీ? చచ్చినవాడి ఎంగిలి ఎవడు తింటాడు? నెల్లాళ్ళలో నలభై మంది చూశామన్నారు. బాలామణి రోజూ వండేది. రోజూ డేశాలు ఎత్తి పందులకి పోసేది. ఎదురింటి వాళ్ళు కిటికీలోంచి చూసి, "మొగుడికి పెట్టుకోగా మిగిలింది పందులకి" అని పకపకా నవ్వేవాళ్ళు. ఆవిడకి వినబడేలాగే నవ్వేవాళ్ళు.

ఇంతకీ ఆ నలభై మందినీ ఎవరైనా ఎప్పుడైనా చూశారా? లేదు. ఒక్కడికీ అసలు ఒళ్ళే లేదు!

వాళ్ళని పుట్టించింది శ్రీనాథ్. ఎవరనుకున్నారు — పోయినాయనకి సొంత తమ్ముడు. సెంటర్లో సెల్‌ఫోన్ల షాపు. ఇంటర్నెట్‌లో నంబర్లు అద్దెకిస్తారట. సిమ్ము ఉండదు, ఫోనూ ఉండదు. దేశం కాని దేశపు నంబరు, పావుగంట మనది. ఖాతా తెరిచేటప్పుడు ఓటీపీ వస్తుంది చూడండి, ఆ అంకెలు ఆ సైట్లోనే కనిపిస్తాయి. కొట్టామా — ఓ మనిషి పుట్టాడు. పేరు పెట్టామా — పెనుగొలను మరియదాసు. గ్రూపులో పేరు మీద నొక్కితే కింద నంబరు కనబడుతుంది. నొక్కి చూసిన పుణ్యాత్ముడు ఊళ్ళో లేడు.

దేనికంటారా? ఇంటికి. దెయ్యం కొంప వేరేవాడు కొనడు. మెస్ నడవకపోతే వదినకి గతి లేదు. ఆ మాట తనే నోటారా అన్నాడు కూడా. "ఎందుకొచ్చిన బాధ వదినా, నాకు రాసిచ్చెయ్. నీకు వెనక గది ఉంచుతాను." శుక్రవారం పొద్దున్నే రిజిస్ట్రేషను. కాగితాలు సిద్ధం. ఒక్క రాత్రి గడిస్తే ఇల్లు శ్రీనాథ్‌ది, వెనక గది బాలామణిది.

ఆ ఒక్క రాత్రే గడవలేదు.

గురువారం షాపు కట్టేసి శ్రీనాథ్ నడిచి ఇంటికి వస్తున్నాడు. అతనిల్లు అదే సందు చివర. ఊరంతా భయపడే చోటు, అతనికి మాత్రం నవ్వులాట. కూనిరాగం తీస్తూ వీధిదీపం కింద సందు మలుపు తిరిగాడు.

టింగ్... ఫోను మోగింది.

పెనుగొలను మరియదాసు. గ్రూపులో కాదు. అతనొక్కడికే.

"వస్తున్నావా?"

శ్రీనాథ్ ఆగిపోయాడు. మరియదాసు తను కదా! తను రాయకుండా మరియదాసు ఎలా రాస్తాడు?

టింగ్... వినగడప జోజప్ప. "నీలం చొక్కా."

తల వంచి చూసుకున్నాడు. నీలం చొక్కానే.

అతను ఆ వ్యాపారంలో ఉన్నవాడు కదండీ, బుర్ర పనిచేసింది. ఎవడో ఆ నంబరు మళ్ళీ అద్దెకి తీసుకుని ఉంటాడు, ఖాతా వాడి చేతిలో పడి ఉంటుంది. సరే... కానీ అది ఇండోనేషియా నంబరు. ఇండోనేషియావాడికి తెలుగెక్కడిది? వాడికి నా చొక్కా రంగెక్కడిది?

నాలుగడుగులు వేశాడు. చెప్పుల చప్పుడు తనదే, అయినా వెనక్కి తిరిగి చూశాడు. మెస్ ముందుకొచ్చాడు. బయటి మెట్లు చీకట్లో ఉన్నాయి. చూడకూడదనుకున్నాడు... చూశాడు. ఏమీ లేదు.

టింగ్... గంపలగూడెం కిరీటి.

"ఒరేయ్ చిన్నోడా."

అన్న ఒక్కడే అలా పిలిచేవాడు.

"పదకొండుసార్లు చేశాను కదరా."

ఇది... ఇది ఎవరికీ తెలియదు. మూడేళ్ళ కిందట ఇలాంటి రాత్రే. అన్నకి పక్షవాతం కొట్టిన రాత్రి. బెజవాడ తీసుకుపోవడానికి వీధిలో ఉన్నది ఒక్క శ్రీనాథ్ కారు. ఇంటి వాటా దగ్గర మాటామాటా వచ్చి వారమైంది. ఫోను మోగింది. పేరు చూశాడు. బోర్లా పెట్టి పడుకున్నాడు. మోగింది, మోగింది... పదకొండుసార్లు. తెల్లారి శవం దగ్గర ఏడుస్తూ, "సైలెంటులో ఉంది వదినా, చూళ్ళేదు" అన్నాడు. సిమ్ము మార్పిస్తానని అన్న ఫోను పట్టుకెళ్ళి, ఉన్నదంతా తుడిచేశాడు. ఇక ఆ లెక్క తెలిసింది ఇద్దరికే. తనకి, పోయినవాడికి.

టింగ్.

"ఇప్పుడు చేస్తున్నా. ఎత్తు."

ఫోను మోగింది.

చేతిలో పురుగు పాకినట్టు విదిలించాడు. అది వెళ్ళి మెట్టు మీద పడింది. పడి కూడా ఆగలేదు... మోగుతూనే ఉంది, వెలుగుతూనే ఉంది. శ్రీనాథ్ వెనక్కి జరిగి, కాలవలో కాలు పడి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అన్నా! తప్పయిపోయిందన్నా! నువ్వు రాలేదు... ఆకలని నువ్వనలేదు... నేనే! నలభై మందీ నేనే! నేనే రాశానండీ...!"

అదండీ ఆ కేక.

రెండోసారి అరిచాక ఒక తలుపు, తర్వాత ఇంకో తలుపు తెరుచుకుంది. టార్చిలైట్లు వచ్చాయి. ఆఖరికి బాలామణి గారి మేడ మీద దీపం వెలిగింది. పిట్టగోడ దగ్గర ఆవిడ, పక్కనే ఆవిడ అన్న కూతురు సాయిప్రసన్న, చేతిలో ఫోను. బెజవాడలో కంప్యూటరు ఉద్యోగం చేసే పిల్ల. సెలవుకొచ్చి, ఊళ్ళో ఎవరూ చెయ్యని పని చేసింది — పేరు మీద నొక్కింది.

"తిరువూరు దెయ్యం ఇండోనేషియా వాళ్ళకి ఎలా కనబడిందండీ మావయ్య గారూ?" అంది పైనుంచి. "అవే నంబర్లు నేనూ అద్దెకి తీసుకున్నా. పాస్‌వర్డు మర్చిపోయానని కొట్టా. ఓటీపీ నాకొచ్చింది. దెయ్యం కొంప కొంటానన్నది మీరొక్కరే కదా, అందుకే మీకే మెసేజ్ పెట్టా. మీ మరియదాసు చాలా మంచోడండీ, పిలవగానే వచ్చేశాడు!"

సందంతా ఒక్కసారి గొల్లుమంది. పందుల కూడని నవ్వినవాళ్ళే, అదే నోటితో ఇప్పుడు శ్రీనాథ్‌ని చూసి నవ్వారు. ఒకడు వీడియో కూడా తీశాడు. కాలవ బురదలో కూర్చున్న మనిషిని లేపినవాడు లేడు.

శుక్రవారం రిజిస్ట్రేషను జరగలేదు. ఆ పొద్దున బాలామణి వందమందికి వండింది.

మధ్యాహ్నానికి జనం వచ్చారు కానీ గుమ్మం దగ్గర నసుగుతున్నారు. నెల్లాళ్ళు నమ్మిన ఎంగిలి ఒక్క పూటలో పోతుందా? రిటైరైన పంతులు సోమయాజులు గారు కర్ర తాటించి, "పుకారు పుట్టించినవాడే మొదటి ముద్ద తినాలి. తర్వాతే ఊరు" అన్నాడు. ఇద్దరు వెళ్ళి శ్రీనాథ్‌ని రెక్క పట్టుకుని తెచ్చారు. మధ్య బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అందరూ నిలబడి చూస్తున్నారు.

బాలామణి అన్నం పెట్టింది. పప్పు వేసింది. నెయ్యి వెయ్యడానికి వంగినప్పుడు శ్రీనాథ్ గొణిగాడు.

"వదినా... మిగతాదంతా తెలిసింది. పదకొండని... నీకెవరు చెప్పారు? అన్న వచ్చాడా?"

"వెర్రివాడా." ఆవిడ గొంతు అతని చెవి దాటలేదు. "ఆయనకి కుడిపక్క పడిపోయింది. మాటా పడిపోయింది. ఇంక ఫోను పట్టుకునే చెయ్యేదిరా? నొక్కింది నేను. పదకొండుసార్లూ నేనే."

శ్రీనాథ్ కంచం పక్కకి నెట్టబోయాడు.

"సైలెంటులో ఉందన్నావుగా..." అంటూ ఇంకో గరిటె నెయ్యి వేసింది. "మూడేళ్ళూ నేనూ అలాగే ఉన్నా. ఊఁ, తిను. ఊరంతా నీ మొహం చూస్తోంది."

అతను కలిపాడు. నోట్లో పెట్టుకున్నాడు. మింగుడు పడలేదు. సోమయాజులు గారు "మింగాలి, మింగాలి" అన్నాడు. మింగాడు.

అంతే, బల్లలన్నీ ఒక్కసారి గరగరలాడాయి. జనం సర్దుకుని కూర్చున్నారు. రూత్ వచ్చి కొంగు బిగించి వడ్డనకి దిగింది. ఎదురింటావిడ "గోంగూర ఇటు, గోంగూర ఇటు" అని కేకలు. చివర్లో బాలామణి కూడా కంచం పెట్టుకుని సరిగ్గా మరిదికెదురుగా కూర్చుంది. ముద్ద ముద్దకీ అతన్నే చూస్తూ, కడుపునిండా తింది.